నూట ఇరవై ఎడమ ముక్కలు

సోమవారం పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక చొక్కాతో మొదలైంది.

నీలం రంగు యూనిఫాం చొక్కా. వీపు నడిమధ్యన, కొలిచి పెట్టినట్టు, ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. భర్త దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన బడి వ్యాను డ్రైవరు. ఏడింటికల్లా మొదటి పిల్లవాడి ఇంటి ముందు హారన్ కొట్టాలి. అప్పటికే ఆరున్నర అయింది.

"ఇదేంటి?"

"చొక్కా," అంది ఆమె పొయ్యి దగ్గర్నుంచి, తిరిగి చూడకుండానే. తిరిగి చూడాలంటే ఆమెకు మెడ ఒక్కటీ తిప్పితే చాలదు. నడుము, తుంటి, కాలు అన్నీ కలిసి కదలాలి. ఒక చొక్కా కోసం అంత ఊరేగింపు ఎందుకనుకుంది.

"చొక్కా అని నాకూ తెలుసు. వీపు మీద ఈ ముద్ర ఎవరేశారు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు? నేనే వేసుంటాను."

"వేసుంటానేంటి? వేశావా లేదా?"

ఆదివారం రాత్రి ఇస్త్రీ చేసినట్టు ఆమెకు గుర్తే లేదు. కానీ కుర్చీ మీద రెండు ప్యాంట్లు, ఆమె చీర అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. ఆ మడత ఆమెదే, ఇంకొకరికి చేతకాదు. అంటే ఆమెతో నిమిత్తం లేకుండా ఆమె చేతులే లేచి, పెట్టె వేడిచేసుకుని, బట్టలన్నీ ఇస్త్రీ చేసి, ఒక చొక్కా కాల్చి, ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకున్నాయన్నమాట.

"పోయిన వారం తాళంచెవులు బియ్యం డబ్బాలో దొరికాయి. అంతకుముందు కుళాయి కట్టకుండా వదిలేస్తే కింద వాటా వాళ్ళు పైకొచ్చి నానా మాటలూ అన్నారు. ఇప్పుడు చొక్కా. రేపు కొంపకే నిప్పు పెడతావు."

"మీరు ఇంట్లో ఉన్నప్పుడు చూసి పెడతాలెండి."

ఆయన పళ్ళు నూరుతూ ఆ కాలిన చొక్కానే తొడుక్కున్నాడు. తీగ మీద ఆరేసిన రెండో చొక్కా ఇంకా తడిగా ఉందని చేత్తో తడిమి చూసి మరీ తొడుక్కున్నాడు. తలుపు దగ్గర ఆగి అన్నాడు: "నువ్వు పడుకోవు, నన్ను పడుకోనివ్వవు. నలభై మంది పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవాణ్ణి. నేనొక్క నిమిషం కునికితే ఏమవుతుందో ఎప్పుడన్నా ఆలోచించావా?"

ఆలోచించింది కాబట్టే మూడు నెలలుగా ఆయన ముందుగదిలో తలుపేసుకుని పడుకుంటున్నాడు, ఆమె వెనకగదిలో నేల మీద పడుకుంటోంది. తను దొర్లితే మంచం కిర్రుమంటుందని నేల. ఆ నేల ఆమె తుంటికి పగ. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. అడగని వాళ్ళకు చెప్పుకోవడం ఆమెకు నామోషీ.

నొప్పికి రెండేళ్ళు నిండాయి. కుడి తుంటిలో పుట్టి, తొడ వెనకగా దిగి, మడమలో కాపురం పెట్టింది. పడుకుంటే లేపుతుంది, లేస్తే పడుకోమంటుంది. డాక్టరు ఎక్స్‌రే ఫోటోలను వెలుతురుకు పెట్టి చూసి, "ఇందులో పెద్దగా ఏం లేదమ్మా" అన్నాడు. లేనిది ఫోటోలో. తుంటిలో ఉన్నదాన్ని ఆయన అడగలేదు.

ఆమె పనిచేసేది తెల్లకోట్లు కుట్టే కార్ఖానాలో. ఆసుపత్రులకీ కాలేజీలకీ వెళ్ళే కోట్లు. ముప్పై కుట్టుమిషన్లకు ఒకటే కోత బల్ల. గది ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగ్గా ఉండే ఆ బల్ల ఆమెది. పద్దెనిమిదేళ్ళుగా నిలువు కత్తి మిషను పట్టుకుని ఒక్కసారిగా అరవై పొరలు కోస్తోంది. ఎదుట మాస్టరమ్మ అంటారు. చాటున కత్తెర అంటారు. ఆ పేరు చేతిని బట్టి కాదు, నోటిని బట్టి వచ్చిందని ఆమెకు తెలుసు. తెలిసి కొంత గర్వపడుతుంది కూడా. ఆమె మాత్రం ఊరుకుందా? మెడలో ఈల వేసుకుని తిరిగే సూపర్‌వైజరుకి ఈల సారు అని పేరు పెట్టింది ఆమే. మొదటి మిషను మీద కూర్చుని అందరినీ గుచ్చి గుచ్చి మాట్లాడే ఆవిడకి దబ్బనం అని పెట్టిందీ ఆమే. దబ్బనానికీ ఆమెకూ ఆరేళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ రోజు పదింటికి ఈల మోగింది. టీకి కాదు. దబ్బనం మిషను మీద నుంచి లేచి, రెండు ముక్కలు చెరో చేత్తో ఎత్తి చూపిస్తోంది. కోటుకి ముందు భాగం రెండు ముక్కలు, ఎడమదొకటి, కుడిదొకటి. ఆమె చేతుల్లో ఉన్నవి రెండూ ఎడమవే.

కట్ట విప్పి చూశారు. అన్నీ ఎడమవే. ఇంకో కట్ట విప్పారు. అవీ అంతే. అరవై కోట్లకు నూట ఇరవై ముక్కలు, అన్నిటికీ గుండీ పట్టీ ఒకే వైపు.

మాస్టరమ్మకు చూసీచూడగానే అర్థమైంది. మామూలు బట్టయితే బల్ల మీద అటూ ఇటూ మడుస్తూ పరుస్తారు. ఒక పొర మంచి వైపు పైకి, దాని మీది పొర మంచి వైపు కిందికి వస్తుంది. అప్పుడు కోతకు నమూనాగా ఉండే అట్టముక్కను ఒకే తీరున పెట్టి గీసినా సగం ఎడమలు, సగం కుడులు వాటంతటవే తెగుతాయి. ఈసారి వచ్చింది మెరుపు బట్ట. మెరుపు అన్ని ముక్కల మీదా ఒకే దిక్కున ఉండాలి కాబట్టి, ప్రతి పొరనీ చివర తెంచి అరవై పొరలూ మంచి వైపు పైకే వచ్చేలా పరిచారు. పరిపించింది ఆమే. అలా పరిచినప్పుడు అట్టను ఒకసారి మామూలుగా పెట్టి, ఒకసారి బోర్లించి గీయాలి. గీసినవాళ్ళు బోర్లించలేదు. తిరగేసి కుడదామంటే వెనక వైపు మెరుపు లేదు. ఆ బట్ట ఇంకో తాను కూడా లేదు.

ఈల సారు కట్టకున్న చీటీ తెంపి ఆమె ముఖం ముందు పెట్టాడు. "శనివారం మధ్యాహ్నం కోత. ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"కోసింది మీరేనా?"

ఆమె శనివారాన్ని వెతుక్కుంది. పొద్దున బట్ట పరిపించింది. వీపు ముక్కలు కోసింది, చేతుల ముక్కలు కోసింది. బల్ల చివర ముందు భాగం ముక్కలు మిగిలాయి. అన్నం తింది, నొప్పికి మాత్ర వేసుకుంది. అట్ట బట్ట మీద పెట్టి, కాలు చాపుకుందామని బల్ల వెనక తానుల మీద ఒక్క క్షణం కూర్చుంది. ఆ తర్వాత గుర్తున్నది, ముక్కలు కోసి ఉన్నాయి, తను చీటీల మీద సంతకాలు పెడుతోంది. మధ్యలో ఏమీ లేదు. చొక్కా సంగతి లాగే.

ముప్పై మంది ఆడవాళ్ళు మిషన్లు ఆపి చూస్తున్నారు. గుర్తులేదని వాళ్ళ ముందు అనడం కంటే చావడం నయమనిపించింది.

"నేనే," అంది.

"పాపం, అక్కకి ఒంట్లో బాగుండట్లేదు సార్," అన్నాడు చిన్న మాస్టరు. అతను యజమాని బామ్మర్ది. ముప్పై దాటినవాడు, ఏడాదిగా ఆమె దగ్గర కోత నేర్చుకుంటున్నాడు. ఆ పాపం వినేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ పాపం నీ దగ్గరే ఉంచుకో. నా ఒళ్ళు నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటున్నారో కనిపిస్తూనే ఉందిగా," అన్నాడు ఈల సారు నూట ఇరవై ముక్కల వైపు చెయ్యి ఊపి. కొందరు నవ్వారు. దబ్బనం నవ్వలేదు. తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. సూదిలో అప్పటికే దారం ఉంది. మాస్టరమ్మ అది గమనించలేదు.

మధ్యాహ్నానికల్లా ఒక కాగితం తయారైంది. అనారోగ్యం వల్ల పొరపాటు తనదేననీ, ఇకపై దారాల బల్ల దగ్గర పనిచేయడానికి తనకు సమ్మతమేననీ అందులో ఉంది. దారాల బల్లంటే కుట్టడం అయిపోయిన కోట్లకు వేలాడే దారపు కొసలు తుంచే చోటు. కొత్తగా చేరినవాళ్ళను మొదట అక్కడ కూర్చోబెడతారు. యజమాని గురువారం వస్తాడు, ఆయన ఎదుట సంతకం పెట్టాలి. కత్తి చిన్న మాస్టరు చేతికి పోతుంది.

"కూర్చునే పనేగా మాస్టరమ్మా. మీ నడుముకీ మంచిది," అన్నాడు ఈల సారు.

కూర్చోవడం ఆమెకు అన్నిటికంటే కష్టమని అతనికి తెలియదు. తెలిసినా ఆ మాటే అనేవాడు.

ఆ రాత్రి ఆమె నేల మీద పడుకుని శనివారాన్ని మళ్ళీ మొదటి నుంచి తవ్వింది. ఎడమ పక్కకు తిరిగి తవ్వింది, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని తవ్వింది, లేచి గోడకు నడుము ఆనించి నిలబడి తవ్వింది. ఎంత తవ్వినా తానుల మీద కూర్చోవడం దగ్గరే ఆగిపోతోంది. పొరపాటు చేసినందుకు ఆమెకు బెంగ లేదు. పద్దెనిమిదేళ్ళలో పొరపాట్లు చేయకపోలేదు, చేసిన ప్రతిదీ గుర్తుంది, ఎందుకు చేసిందో కూడా గుర్తుంది. ఇది వేరు. చొక్కా కాలిస్తే చొక్కా పోయింది. కానీ ఆ కత్తి నిమిషానికి వేలసార్లు ఆడుతుంది. తను లేని వేళ తన చేతులు దాన్ని పట్టుకుని అరవై పొరల్లోంచి నడిపాయంటే, ఇక ఆ చేతుల్ని నమ్మేదెట్లా? దారాల బల్ల దగ్గరకి పొమ్మన్నందుకు కాదు, పొమ్మనడం న్యాయమేనేమో అనిపించినందుకు ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపు అణుచుకోబోయి మంచినీళ్ళ చెంబు తన్నేసింది.

ముందుగది తలుపు భళ్ళున తెరుచుకుంది. "మళ్ళీ ఏం పగలగొట్టావ్?"

"ఏం పగల్లేదు. చెంబు."

"టైమెంతయిందో తెలుసా?"

"నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? గంట గంటకీ చూస్తున్నాను."

తలుపు మళ్ళీ అంత గట్టిగానూ మూసుకుంది. ఆమె పమిటతోనే నీళ్ళు తుడిచింది. వంగి తుడిచినందుకు తుంటి తెల్లవార్లూ సాధించింది.

మంగళవారమంతా ఆమె వెనక చిన్న మాస్టరు నీడలా తిరిగాడు. "అక్కా, నేను పట్టుకోనా? అక్కా, గీత చూసుకున్నావా?" అంటూ. ఒక అట్టను నాలుగుసార్లు తిప్పి చూసుకుంది ఆమె. ఎప్పుడూ అలా చూసుకున్నది కాదు. కత్తి స్విచ్చి మీద వేలు పెట్టి, వెనక్కి తీసి, మళ్ళీ పెట్టింది. అది అతను చూశాడని ఆమెకు తెలిసింది.

బుధవారం ఈల సారు ఇంకో ముచ్చట తీర్చుకున్నాడు. పాడైన ముక్కల్ని ఊరికే పారేయకుండా వాటిలోంచి జేబులూ నడుం పట్టీలూ కోయమన్నాడు. "మీరు చేసినది మీరే సర్దండి," అన్నాడు. కట్టలు తెచ్చి బల్ల మీద ధబ్బున పడేశాడు.

ఆమె మొదటి కట్ట విప్పింది. ఇరవై ముక్కలు కలిపి అంచు సమం చేసింది. అంచు సమం చేయాలంటే బొటనవేలు దాని పొడుగునా నడిపించాలి. నడిపించింది. వేలు భుజం దగ్గర్నుంచి చంక వంపు తిరిగి అడుగు అంచు వరకూ జారిపోయింది.

ఎక్కడా ఆగలేదు.

ఆమె మళ్ళీ నడిపించింది. ఇంకో కట్ట తీసి నడిపించింది. అంచు నున్నగా ఉంది.

బల్ల కింద శనివారం పొద్దున తను కోసిన చేతుల ముక్కలు కొన్ని ఇంకా ఉన్నాయి. వంగితే నొప్పి అన్న సంగతే మరిచిపోయి వంగి లాగింది. వాటి అంచు మీద వేలు పెట్టింది. జానెడు పోగానే చిన్న గాటు. ఇంకో జానెడుకి ఇంకోటి. నలుసంత గాట్లు. కంటికి ఆనవు, వేలికే తెలుస్తాయి.

అవి ఆమె కాలు చేసిన గాట్లు. కోసేవాళ్ళు బల్ల చుట్టూ కత్తితోపాటు నడవాలి. రెండేళ్ళుగా ఆమె ఏకబిగిన నడవలేదు. రెండడుగులకొకసారి ఆగి, బరువు ఎడమ కాలి మీదకు మార్చుకుని, మళ్ళీ నడుస్తుంది. ఆగిన చోట ఆడుతున్న కత్తి అంచును ఇంత కొరుకుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా అది తప్పడం లేదు. ఆమె నిద్రలో కోసినా, మెలకువలో కోసినా, కాలు అదే. నొప్పి ఏ మత్తులోనూ ఆమెను వదిలిపెట్టి వెళ్ళదు. ఈ నున్నటి అంచు రెండు మంచి కాళ్ళున్నవాళ్ళు కోసింది.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఈ గదిలో కత్తి పట్టగలిగిన వాళ్ళు ఇద్దరే.

అన్నాల వేళ దబ్బనం కుళాయి దగ్గర గిన్నె కడుక్కుంటుంటే వెళ్ళి పక్కన నిలబడింది. మొదటి మిషను నుంచి కోత బల్ల తిన్నగా కనిపిస్తుంది. చూసినవాళ్ళెవరైనా ఉంటే ఆమే ఉండాలి.

"శనివారం ఆ ముందు భాగాలు కోసింది ఎవరు?"

దబ్బనం గిన్నె కడగడం ఆపలేదు. "నువ్వే అని నువ్వే చెప్పావుగా."

"నేను చెప్పింది నాకు తెలుసు. నువ్వు చూసింది చెప్పు."

"నాకెందుకొచ్చిన గొడవ?"

"నీకు గొడవలంటే ఎప్పట్నుంచి భయం?"

దబ్బనం కుళాయి కట్టేసింది. అటూ ఇటూ చూసింది. "వాడే కోశాడు. నువ్వు తానుల మీద పడి నిద్రపోయావు. నోరు తెరుచుకుని మరీ నిద్రపోయావు. వాడు లేపబోతే నేనే వద్దన్నాను."

"నువ్వా?"

"నేనే. రెండేళ్ళుగా నీ ముఖం చూసి చూసి నాకు విసుగొచ్చింది. శవంలా వస్తావు, పాములా బుసకొడతావు. కాసేపు పడుకోనీ, మాకూ ప్రశాంతంగా ఉంటుంది అన్నాను. ఇరవై ఐదు నిమిషాలు. గడియారం నా ఎదురుగానే ఉంటుందిగా. వాడు ఊరుకోక, అయితే ఈలోపు నేను కోసేస్తాలే అన్నాడు. నువ్వు లేచావు, కోసినవి చూశావు, పెన్ను తీసుకుని సంతకాలు పెట్టేశావు. నువ్వు కళ్ళు తెరిచి పెడుతున్నావో మూసుకుని పెడుతున్నావో నాకేం తెలుసు?"

"సోమవారం నోరెందుకు మూసుకున్నావు?"

"ఆ పలక చదివావా ఎప్పుడైనా?" అంది దబ్బనం కోపంగా.

చదవక్కర్లేదు. కోత బల్ల పైన గోడ మీద ఎర్రక్షరాలతో వేలాడుతూనే ఉంది: పని వేళల్లో నిద్రించువారు ఆ దినమే తొలగించబడుదురు. ఒకప్పుడు ఒకతను కత్తి మీద తూగి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాక పెట్టిన పలక. అప్పట్నుంచి ఇద్దర్ని అలా పంపేశారు కూడా.

"వాడు కోశాడని చెప్తే, అప్పుడు నువ్వెక్కడున్నావంటారు. తప్పు కోశావంటే దారాల బల్ల. పడుకున్నావంటే గేటు. ఏది నయం? నోరు మూసుకుని సంతకం పెట్టు," అంది దబ్బనం. గిన్నె విదిలించి రెండడుగులేసి ఆగింది. "ఇంకోటి. నీ అంచుల మీది పళ్ళన్నీ రెండేళ్ళుగా నా కత్తెరతో చెక్కి కుడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. అదీ తెలుసుకో."

మాస్టరమ్మకు తిట్టాలో దణ్ణం పెట్టాలో తేలకుండానే అన్నాల వేళ అయిపోయిన ఈల మోగింది.

గురువారం నాలుగున్నరకు యజమాని వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు ఉండే మనిషి. ఈల సారు మిషన్లన్నీ ఆపించాడు. అందరూ చూస్తే అందరికీ బుద్ధొస్తుందని అతని లెక్క. కాగితం కోత బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా దాని మీద సుద్ద డబ్బా పెట్టాడు. ఆ సుద్ద డబ్బా ఆమెదే.

"ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమె పెన్ను తీసుకోలేదు. చేతుల ముక్కల కట్టొకటి, నిన్న కోయకుండా దాచిన ముందు భాగాల కట్టొకటి తెచ్చి యజమాని ముందు పెట్టింది. "అయ్యా, అంచు మీద మీ వేలు పెట్టి చూడండి. ముందు ఇది, తర్వాత ఇది."

ఆయన చిరాగ్గా చూశాడు, కానీ పెట్టాడు. బట్టలో పుట్టి పెరిగినవాడు. చేతుల ముక్కల మీద రెండో గాటు దగ్గరే వేలు ఆపాడు. ముందు భాగం ముక్కల మీద వేలు ఆగలేదు.

"ఈ గాట్లున్నవి నేను కోసినవి. రెండేళ్ళుగా నేను కోసినవన్నీ ఇంతే. నా కాలు ఆగినప్పుడల్లా కత్తి ఆగుతుంది. ఈ నూట ఇరవై ముక్కల్లో ఒక్క గాటు లేదు. ఇవి నేను కోసినవి కావు."

అందరూ చిన్న మాస్టరు వైపు చూశారు. అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. యజమాని కూడా అటే చూశాడు, చూసి ముఖం తిప్పుకున్నాడు. అంత మాత్రం చాలు, ఆయనకు అర్థమైందని ఆమెకు తెలిసింది.

ఈల సారు మాత్రం తేలిగ్గా వదిలే రకం కాదు. "సరే, మీరు కోయలేదు. మరి మీరెక్కడున్నారప్పుడు? మీ కత్తి వేరేవాళ్ళ చేతికెలా పోయింది?"

"నీళ్ళకెళ్ళింది సార్," అంది దబ్బనం మొదటి మిషను మీద నుంచి.

"నీళ్ళకెళ్ళొచ్చి, ఎవరో కోసినదానికి తాను కోశానని సంతకం పెట్టిందా? ఒకటి కాదు, ఆరు చీటీల మీద?" ఈల సారు ఆమె వైపు తిరిగాడు. "చెప్పండి మాస్టరమ్మా. కోయలేదంటారు, కోశానని సంతకం పెట్టారు. ఎలా కుదిరింది?"

దబ్బనం కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. యజమాని కాగితాన్ని వేలితో ఆమె వైపు జరిపాడు. "ఎందుకమ్మా ఇదంతా? సంతకం పెట్టేయండి. కూర్చుని పని చేసుకోండి. ఎవరూ మిమ్మల్ని పొమ్మనట్లేదుగా," అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనంలో ఆయన బామ్మర్ది ఉన్నాడు.

ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది. పెట్టేస్తే అయిపోతుంది. రేపు పొద్దున రావడానికో చోటు ఉంటుంది. కానీ పెట్టాక, ఆ నూట ఇరవై ఎడమ ముక్కలు తన చేతులు కోసినవే అవుతాయి. మూడు రోజులు ఆమె తన చేతుల్ని చూసి తానే భయపడింది. కత్తి ముట్టుకోవడానికి జంకింది. ఆ చేతులు నిర్దోషులని నిన్ననే తెలిసింది. ఇప్పుడు వాటితోనే వాటి మీద అబద్ధం రాయించాలి. ఆమె వల్ల కాలేదు.

పెన్ను కాగితం మీద పెట్టేసింది.

"నిద్రపోయాను," అంది. ఆమె గొంతు ఎప్పుడూ ఉన్నంత గట్టిగానే ఉంది. "అన్నం తిన్నాక ఆ తానుల మీద కూర్చుని నిద్రపోయాను. లేచి, కోసింది నేనే అనుకుని సంతకం పెట్టాను. నిద్ర నాది. కోత నాది కాదు. మీ కాగితంలో అది రాసుకోండి, సంతకం పెడతాను."

ఈల సారు ముఖం విప్పారింది. పలక వైపు చూపించాల్సిన పని కూడా లేకపోయింది. అందరూ అప్పటికే అటు చూస్తున్నారు. యజమాని గడియారం చూసుకుని, "పలక నేనే పెట్టించాను. ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం చేయలేను," అన్నాడు. బామ్మర్దిని లోపలికి రమ్మని సైగ చేసి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ గదిలో ఏ న్యాయం జరిగిందో అద్దాల తలుపులోంచి అందరూ చూశారు. ఇద్దరూ కూర్చుని టీ తాగారు.

ఆమె తన కత్తెర గుడ్డలో చుట్టుకుంది. కొలత టేపు మెడలోంచి తీసి సంచిలో వేసుకుంది. సుద్ద డబ్బా తీసుకునేసరికి కాగితం ఎగిరి కింద పడింది. ఎవరూ తీయలేదు. ఈల మోగింది, మిషన్లన్నీ మళ్ళీ మొదలయ్యాయి. అన్నిటికంటే ముందు మొదటి మిషను మొదలైంది. దబ్బనం తలెత్తలేదు. ఆమె పక్కగా నడుస్తూ మాస్టరమ్మ కూడా ఆగలేదు. ఆగితే ఏదైనా అనాల్సొస్తుంది, వాళ్ళిద్దరికీ మంచి మాటలు మాట్లాడుకోవడం రాదు.

బస్సులో చోటు దొరకలేదు. నిలబడే వచ్చింది. మడమ మండుతూనే ఉంది, తుంటి లాగుతూనే ఉంది, రేపు పొద్దున వెళ్ళడానికి చోటు లేదు. అయినా పై కడ్డీ పట్టుకున్న తన చేతిని రెండు మూడుసార్లు చూసుకుంది. తన చెయ్యే.

ఇంటికొచ్చేసరికి భర్త ముందుగదిలో చొక్కా విప్పుకుని పడక మీద వాలి ఉన్నాడు. తలుపు చప్పుడుకి ఒక కన్ను తెరిచాడు.

"ఏంటి, ఇంత పెందలాడే?"

"పనిలోంచి తీసేశారు."

ఆయన లేచి కూర్చున్నాడు. "అనుకుంటూనే ఉన్నాను. ఏం చేశావు? ఏం కాల్చావు?"

"ఏం కాల్చలేదు. నిద్రపోయాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళమేమో అనుకున్నాడు. నవ్వడానికి నోరు తెరిచాడు. రెండేళ్ళుగా నిద్ర లేదని తను రోజూ సాధించే మనిషిని, నిద్రపోయిందని తీసేశారు. ఎవరు విన్నా నవ్వుతారు. నవ్వు రాలేదు.

"ఎక్కడ?"

"బట్ట తానుల మీద. శనివారం."

"ఎంతసేపు?"

"ఇరవై ఐదు నిమిషాలట."

ఆమె గుమ్మంలోనే నిలబడి ఎదురుచూసింది. ఏమంటాడో ఆమెకు తెలుసు. ఇల్లెలా గడుస్తుందంటాడు, ఇక్కడ పట్టని నిద్ర అక్కడెలా పట్టిందంటాడు. వాటికి నాలుగు జవాబులు దారి పొడుగునా పదును పెట్టుకుని వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి.

ఆయన నేల చూపులు చూస్తూ అడిగాడు.

"బాగా పట్టిందా?"

నాలుగు జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. సంచి కింద పెట్టింది. గుమ్మానికి నడుము ఆనించింది.

"పట్టింది," అంది. "పక్కనే కత్తి మిషను తిరుగుతుంటే కూడా మెలకువ రాలేదు."